ఖిడ్కీలోంచి వేసిన తీగ

శుక్రవారం నాడు సర్వర్ ముట్టుకోకూడదని మా వృత్తిలో అందరూ చెప్పే మాట. సెలవుల ముందు ఏదైనా చెడితే బాగుచేసే నాథుడు ఉండడని. పాతబస్తీలో నేను పనిచేసిన చోట లెక్క తిరగబడి ఉండేది. అక్కడ యంత్రాల జోలికి వెళ్ళాలంటే శుక్రవారం మధ్యాహ్నమే వెళ్ళాలి. జుమ్మా పూట హాలు ఖాళీ అయ్యేది. ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి, మగవాళ్ళను మసీదుకు పంపి, వంటా నమాజూ ముగించుకుని మళ్ళీ పనిలోకి వచ్చేవారు. ఆ కాస్త సందులోనే నా పని కానిచ్చేదాన్ని.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాల మాట ఇది. లాడ్ బజార్ వెనక గల్లీల్లో ఒక పాత ఇల్లు, అందులో ముందు హాలు. అక్కడ పదిమంది దాకా ఆడవాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అమెరికా డాక్టర్ల మాటలు టైపు చేసేవారు. అక్కడి డాక్టరు రోగిని చూసి, వాడి జబ్బూ చేయాల్సిన వైద్యమూ రికార్డు చేసి పంపేవాడు. అది రాత్రికి మాకు చేరేది. పగలంతా టైపు చేసి, అక్కడ తెల్లవారే వేళకి తిరిగి పంపాలి. వాళ్ళకు తెల్లవారడమంటే మాకు మగ్రిబ్ అజాన్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు. హాల్లో ఎవరూ గడియారం చూసేవారు కాదు, అజాన్ లోపల అయిపోవాలి, అంతే.

ఆ హాలు నడిపే ఆవిడను అక్క అన్న వరసతో అందరం ఆపా అనేవాళ్ళం. భర్త పోయాక, పక్కింట్లో ఉన్న బావగారు "మా ఇంట్ల తిని ఉండు" అన్నారట. ఆవిడ వినలేదు. తన వాటాలో ఉన్న హాల్లో కంప్యూటర్లు పెట్టించింది, బయటి ఆడవాళ్ళను పనిలోకి పిలిచింది. ఆనాటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. ఆ వానాకాలం లైను తెగి ఒకసారి ఫైళ్ళు ఆలస్యమయ్యాయి. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని, ఈ పని పంపే కంపెనీవాళ్ళు రాశారు. ఆ పని పోతే ఆపా వెళ్ళి బావగారి వంటింట్లో కూర్చోవాల్సిందే. ఈ సంగతి ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు. కానీ హాల్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

నేనేమో కృష్ణా జిల్లా వాళ్ళ పిల్లని. నాన్న కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబులో పనిచేసేవారు. నేను పుట్టడం పెరగడం అంతా ఇక్కడే. తొంభైలలో కర్ఫ్యూ అంటే మాకు బడి లేకపోవడం, క్యారమ్స్ ఆడుకోవడం, సడలింపు ఇవ్వగానే అమ్మ పాల కోసం పరుగెత్తడం. ఇంట్లో ఒక తెలుగు, గల్లీలో ఒక తెలుగు మాట్లాడుతూ పెరిగాను. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటి మాట దానంతటదే నోట్లోకి వచ్చేది.

ఆపా హాలును బయటి ప్రపంచంతో కలిపేది ఒక్క లినక్స్ పెట్టె. దానికి రెండు కార్డులు. ఒకదానికి బయటి లైను, రెండోదానికి లోపలి కంప్యూటర్లు. ఎవరి మాట ఎటు పోవాలో, బయటి నుంచి వచ్చింది ఎవరికి ఇవ్వాలో చూసుకునేది అదే. దాని లోపల అన్నింటికీ పెద్ద దిక్కు కర్నెల్. కర్నెల్ మార్చడమంటే ఉమ్మడి ఇంట్లో పెత్తనం చేతులు మారడం లాంటిది. గిన్నెలవే, మనుషులు వాళ్ళే, కానీ ఏది ఎక్కడ పెట్టారో మళ్ళీ కొత్తగా చూసుకోవాలి.

ఆ వారం కంపెనీ నుంచి తాఖీదు వచ్చింది. కర్నెల్‌లో ఏదో కన్నం బయటపడిందట, దొంగలు దూరగలరట. రోగుల వివరాలున్న ప్రతి యంత్రంలోనూ వారం తిరిగే లోపల కొత్త కర్నెల్ వేసి, వేసినట్టు రుజువు పంపాలి. వీళ్ళ తాఖీదులంటే నాకు ఒళ్ళు మండేది. అంతకు ముందు ఒకటి పంపారు, సర్వర్‌ను ఉక్కు బీరువాలో పెట్టి తాళం వేయాలని, తాళంచెవి బాధ్యురాలి ఒక్కదాని దగ్గరే ఉండాలని. ఇంకొకటి, హాల్లో ఏ కంప్యూటర్‌కూ ఫ్లాపీ గానీ మోడెమ్ గానీ ఉండరాదని. ఆ నియమాలు రాసినవాడు ఏ చల్లని గదిలో కూర్చుని రాశాడో గానీ, పాతబస్తీలో అడుగు పెట్టి ఉండడు. అయినా చెప్పింది చెప్పినట్టు చేశాం. బీరువా వెనక కన్నాలు కొట్టించి తీగలు లోపలికి తీసుకున్నాం. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కంచన్‌బాగ్‌లో మా ఇంట్లో కూర్చుని, ఫోన్ లైను మీదుగా ఆ పెట్టెలోకి వెళ్ళాను. కొత్త కర్నెల్ ఎక్కించాను. సరిచూసుకున్నదాన్ని మళ్ళీ సరిచూసుకుని, ఆగి లేవమని చెప్పాను. ఆగింది. లేవలేదు.

అలాంటప్పుడు మొదట చేసేది కాసేపు ఓపిక పట్టడం. నాకు పుట్టుకతోనే లేని గుణం అది. పిలిచాను, పలకలేదు. మళ్ళీ పిలిచాను. తెరమీద ఒకే సమాధానం వరసలు కట్టి దిగుతోంది, అవతలివాళ్ళు అందుబాటులో లేరని. ఆపాకి ఫోన్ చేసి బీరువా వెనక కన్నంలోంచి చూడమన్నాను.

"పచ్చ లైటు మండుతున్నది బేటా. పంఖా తిరుగుతున్న సప్పుడు గూడ వస్తున్నది. కానీ ఇక్కడ ఎవరికీ లైను లేదు."

అంటే ప్రాణం ఉంది, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. బీరువా తెరిచి, తెర తగిలించి చూస్తే తప్ప ఏమీ చెప్పలేను. పగలగొట్టమందామంటే అది ఉక్కు బీరువా. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, దొంగలు రాకుండా వేసిన తాళం మమ్మల్నే బయట నిలబెట్టింది.

"ఎక్కడికే ఈ ఎండలో?" అన్నారు నాన్న, నేను చెప్పులు వేసుకుంటుంటే.

"బీరువా తాళం నా దగ్గరుంది నాన్నా. నేను వెళ్తే గాని కుదరదు."

"ఆటోలో వెళ్ళు. చేరగానే ఫోన్ చెయ్యి."

ఆటో శాలిబండ దాకా బాగానే వచ్చింది. అక్కడ షట్టర్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకటి పడుతుంది, దాని పక్కది పడుతుంది, తర్వాత వీధి వీధంతా ఒకేసారి పడుతుంది. చార్మినార్ దగ్గర ఏదో లొల్లి అయిందన్నారు. ఏమైందో, ఎవరు మొదలుపెట్టారో నాకు ఈనాటికీ సరిగా తెలియదు. ఆటో అతను బండి తిప్పేశాడు.

"ముందలికి పోదమ్మా. బంద్ చేసిన్రు. ఇంటికి పోతవా, ఈడ్నే దింపాల్నా?"

చిన్నప్పటి కర్ఫ్యూలన్నీ ఇంట్లో కూర్చుని చూసినవే, రోడ్డు మీద నిలబడి చూసినది ఇదే మొదలు. తిరిగి వెళ్ళిపోదామని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. అప్పుడే నా చేతిలో సెల్ మోగింది.

"గల్లీలకెళ్లి రాకు బేటా, పోలీసులు ఉన్నరు. మూల మీద ఆకుపచ్చ తలుపు ఇల్లు తెలుసు గద? అక్కడ ఖాలాకు చెప్పిన. ఖిడ్కీలకెళ్లి తీసుకొస్తది," అంది ఆపా. "ఇక్కడ అందరు పని చేస్తనే ఉన్నరు. టైపు అయిపోతది. పంపుడే మిగిలింది."

మనకు కిటికీ అంటే వెలుతురు కోసం గోడకు పెట్టేది. అక్కడి పాత ఇళ్ళలో ఖిడ్కీ అంటే రెండు ఇళ్ళ మధ్య గోడలో ఉండే పొట్టి తలుపు. ఆడవాళ్ళు వీధిలో కాలు పెట్టకుండా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్ళడానికి ఎప్పుడో పెద్దలు పెట్టించినవి. పెరుగు తోడు కోసం, పెళ్ళి కబురు కోసం, పురుడు కోసం. మగవాళ్ళకు ఆ దారి లేదు. అవతలి నుంచి గొలుసుతో తడితే ఇవతల గొలుసు తీస్తారు, రెండు వైపులా గొలుసు ఉంటుంది.

ఆటో దిగి ఆ తలుపు దాకా నడిచాను. అందరూ పిన్నమ్మ వరసతో ఖాలా అని పిలిచే ఆవిడ ముసలి మనిషి, అయినా నాకంటే చురుగ్గా నడిచింది. మొదటి ఖిడ్కీలో వంగడం తెలియక నుదురు కొట్టుకున్నాను. "తల వంచు బిడ్డా, ఈడ అందరు వంచాల్సిందే," అంది. ఒక వంటింట్లోంచి ఒక వసారాలోకి, వసారాలోంచి బట్టలారేసిన పెరట్లోకి. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నారు. జుమ్మాకు వెళ్ళిన మగవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. ఎవరని అడిగితే, "కంప్యూటర్ల పిల్ల," అని ఖాలా చెప్పేది. ఒకావిడ నన్ను చూసి, మా ఆయన నయాపూల్ దాటిండా ఏమన్న తెల్సా అని అడిగింది. తెలియదన్నాను. వాళ్ళు మనుషుల కోసం ఎదురుచూస్తుంటే, నేను ఫైళ్ళ కోసం పరుగెడుతున్నందుకు సిగ్గేసింది. అయినా ఆగలేదు.

చివరికి ఒక ఇంట్లో ఖాలా ఆగిపోయింది. అక్కడి నుంచి ఆపా గుమ్మం చేరాలంటే గల్లీలోకి దిగి పది అడుగులు నడవాలి. తలుపు సందులోంచి చూస్తే పోలీసులు లాఠీలతో నిలబడి ఉన్నారు. ఎవరో తలుపు తీసి తొంగిచూస్తే గట్టిగా కసిరి లోపలికి పంపారు.

"ఇంకో తొవ్వ లేదా ఖాలా?"

"ఉన్నది. ఈ పక్క నుంచి ఆపా జేఠానీ ఇంట్లకు పోవచ్చు. ఆ ఇంటికీ ఆపా ఇంటికీ నడుమ ఖిడ్కీ ఉన్నది. నాలుగేండ్ల నుంచి తెరిచింది లేదు."

జేఠానీ అంటే పెద్ద తోడికోడలు, పక్కింటి బావగారి భార్య. ఆపా ఆ దారి నాకు ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎండ వాలుతోంది.

ఆపా పెద్ద తోడికోడలు పొడుగాటి మనిషి, గొంతు పెద్దది. ఆవిడ కూడా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. భర్త దుకాణంలో చిక్కుకుపోయాడట, షట్టర్ వేసుకుని లోపలే ఉన్నానని ఒకసారి ఫోన్ చేశాడట. ఖాలా సంగతంతా చెప్పింది. ఆవిడ ఖాలాను కాదు, నన్నే చూస్తూ విన్నది.

"ఎవరు పంపిన్రు నిన్ను? ఆమె పంపిందా?"

ఔనంటే తలుపు తెరుచుకుంటుందేమో. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ ఇన్నేళ్ళూ కూర్చుందేమో. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఔనంటే, ఆపా తరఫున నేను తల వంచినట్టు. ఆ తల నాది కాదు.

"లేదు బడీ ఆపా. ఆమె ఈ తొవ్వ చెప్పనే లేదు. నేనే అడుగుతున్న."

"మరి ఆమెకు అవసరం లేదా?"

"అవసరం మస్తు ఉన్నది. అడిగే నోరు లేదు."

"నోరు మాకు మాత్రం ఉన్నదా? గడియ పెట్టుమన్నది ఆయన. పెట్టింది నేను," అంది ఆవిడ, ఎవరినో తిడుతున్నట్టు.

నాకు కోపం వచ్చింది. నా కోపం ఎప్పుడూ పెద్దా చిన్నా చూడదు. సెల్‌లో ఆపా నంబరు కలిపి ఆవిడ చేతిలో పెట్టాను. "మీరే అడుగున్రి. నాకు తెల్వదు," అన్నాను.

గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు. మధ్య చెక్క తలుపు ఒకటి. ఈవిడ మాట ఏ టవరుకో ఎక్కి, ఏ ఎక్స్‌ఛేంజికో వెళ్ళి, తిరిగి ఆ గోడ అవతలికి వచ్చింది. ఆ రోజుల్లో మా లైన్లకు కూడా ఇదే జబ్బు ఉండేది. ఒకే ఊళ్ళో రెండు కంపెనీల లైన్లుంటే, పక్కింటికి పంపిన మెయిల్ సముద్రాలు దాటి అమెరికా చుట్టి వచ్చేది, ఆ రెండు కంపెనీలూ ఇక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకోవు కాబట్టి. ఆ జబ్బును ఎన్నోసార్లు తిట్టుకున్నాను. ఆ పూట మాత్రం చుట్టు తిరిగినా సరే, చేరితే చాలనుకున్నాను.

"హలో," అంది పెద్దావిడ. ఆపా గొంతు సన్నగా నాకూ వినిపించింది.

"భాభీ? భాయ్‌సాబ్ ఇంటికొచ్చిన్రా?"

పెద్దావిడ మొహం మారిపోయింది. ఈవిడ ఎదురుచూసిన మాట అది కాదు. "లేదు. దుకాణంల ఉన్నడు. బాగనే ఉన్నడట," అంది. గొంతు మళ్ళీ గట్టి చేసుకుని, "నీ పిల్ల వచ్చి ఈడ నిలబడ్డది. ఖిడ్కీ తియ్యాలట. నీ దిక్కు గొలుసు నువ్వు తియ్యి మొదలు. తర్వాత నేను తీస్త," అంది.

"నా దిక్కు గొలుసు నేను పెట్టనే లేదు భాభీ."

పెద్దావిడ ఫోన్ చెవి దగ్గర నుంచి దించింది. చాలాసేపు ఆ తలుపు వైపే చూసింది. ఇన్నేళ్ళుగా తాను ఎవరి మీదైతే తలుపు బిగించుకుందో, అటువైపు ఒక్క రోజు కూడా బిగించలేదు. లేచి వెళ్ళింది. తలుపుకు అడ్డంగా పెట్టిన బియ్యం డబ్బా జరపబోతే నేను సాయం పట్టాను. గొలుసు తుప్పుపట్టి రాలేదు. పొత్రం తెచ్చి కొట్టింది, ఒకటి రెండు దెబ్బలు గురి తప్పి గోడ పెచ్చులూడాయి. గొలుసు ఊడింది. తలుపు తోస్తే అవతల ఆపా నిలబడి ఉంది, చేతిలో ఇంకా ఫోన్ అలాగే పట్టుకుని.

వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో వినే తీరిక నాకు లేదు. తల వంచి దూరి హాల్లోకి పరుగెత్తాను. బీరువా తెరిచాను, తెర తగిలించాను. పెట్టె నిక్షేపంగా ఉంది. ఏం జరిగిందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పాత కర్నెల్ రెండు కార్డుల్లో ఒకదాన్ని మొదటిదనీ, ఇంకోదాన్ని రెండోదనీ లెక్కపెట్టేది. కొత్తది వచ్చి తిరగేసి లెక్కపెట్టింది. ఇక లోపలివాళ్ళ మాటలు బయటి లైను మీద వెతుకుతోంది, బయటి లైనును లోపల వెతుకుతోంది. రెండు తీగలూ తగిలే ఉన్నాయి, ఒకరి చోట ఒకరు. రెండింటినీ పీకి, చోట్లు మార్చి గుచ్చాను. అంతే. ఈ మాత్రానికా అని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

హాల్లో ఒకరి తర్వాత ఒకరు, "వచ్చింది," అన్నారు. ఫైళ్ళు కదలడం మొదలైంది. లైను నత్తనడక. ఆపా నా వెనక నిలబడి తస్బీ పూసలు తిప్పుతోంది. చివరి ఫైలు పోతూ ఉండగానే మక్కా మసీదు నుంచి అజాన్ మొదలైంది. వాళ్ళందరూ తలల మీద కొంగులు సర్దుకుని తెర వంకే చూస్తున్నారు. అజాన్ అయిపోయే ముందే అన్నీ చేరినట్టు అవతలి నుంచి జవాబు వచ్చింది. ఆపా అక్కడే నేల మీద కూలబడి మొహం కప్పుకుంది.

తలెత్తి చూస్తే పెద్ద తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగేళ్ళుగా ఈ హాల్లో ఏదో కాని పని జరుగుతున్నట్టు ఆవిడ చెవిన వేశారు కాబోలు. వరసగా ఆడవాళ్ళను, వాళ్ళ ముందు పెట్టెలను చూసింది.

"టైపే గదా చేస్తున్నరు?" అంది.

"టైపే భాభీ," అంది ఆపా.

"మరి ఆయన ఏమేమో అన్నడు గద," అని, చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. ఆ రాత్రికి మేమంతా అక్కడే ఉండిపోయాం. నాన్నకు ఫోన్ చేస్తే, "బతికించావు తల్లీ," అన్నారు. ఆపా బావగారు మర్నాడు కర్ఫ్యూ సడలించాక ఇంటికి వచ్చి, తెరిచి ఉన్న ఖిడ్కీ చూశారట. ఏమన్నారో నాకు ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఇంకో తాఖీదు. ఒక లైను పడిపోతే పనికి రావడానికి వేరే లైను ఒకటి ఉండాలని. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు. పెద్ద తోడికోడలి ఇంట్లో కేబులాయన ఇచ్చిన నెట్ ఉంది. దాన్ని మా పెట్టెకు రెండో దారిగా కలిపి, మొదటిది ఆగితే ఇటు తిరగమని రాశాను. తీగ ఎటు నుంచి తేవాలని ఆపా అడిగింది. ఖిడ్కీలోంచి తప్ప కుదరదని చెప్పాను. తలుపు అడుగున తీగ పోయింది కాబట్టి ఇక గొలుసు పెట్టడానికి వీల్లేదు. తలుపు ఓరగా ఉండిపోయింది. మేడ మీద నుంచి కూడా తీగ తేవచ్చు, ఇంకా సులువు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, టైపు పనులన్నీ పోయి ఆపా ఆ హాల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తున్నప్పుడు చూడడానికి వెళ్ళాను. అప్పటికి అంతా గాల్లోనే వచ్చే నెట్. పెద్ద తోడికోడలు ఖిడ్కీ గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎందుకూ పనికిరాని ఆ తీగ ఇంకా ఆవిడ కాళ్ళ పక్కనే ఉంది.

"ఇంక దీని అవసరం లేదు బడీ ఆపా. తీసెయ్యమంటరా?" అన్నాను.

"ఉండనియ్యి," అంది, కాయ మీంచి చూపు తిప్పకుండా. "మేడ మీదికెళ్లి పోదా ఇది అని నేను ఆ దినమే కేబులాయన్ని అడిగిన. పోతది అన్నడు. నీకు చెప్పలే."